విదేశానికి బయల్దేరే మిషనరీ కుటుంబాన్ని మీ ఇంట్లో ఉంచుకోవడం ఎలా

అద్దె ఇల్లు ఖాళీ చేసిన రోజుకీ విమానం ఎక్కే రోజుకీ మధ్య మిషనరీ కుటుంబానికి కొన్ని వారాలు సొంత గూడు ఉండదు. అప్పటికే ఫ్రిజ్, మంచాలు అమ్మేసి ఉంటారు. గ్యాస్ కనెక్షన్ సరెండర్ చేసి, పిల్లల టీసీలు తీసుకుని ఉంటారు. వీసా మాత్రం ఇంకా చేతికి రాదు. ఒంగోలు నుంచైనా కాకినాడ నుంచైనా చాలామంది శంషాబాద్‌లోనే విమానం ఎక్కాలి కాబట్టి, ఆ వారాల్లో వాళ్లకు చోటిచ్చే పని ఎక్కువగా హైదరాబాద్, సికింద్రాబాద్‌లలోని విశ్వాసుల ఇళ్ల మీద పడుతుంది. మా ఇల్లూ వాటిలో ఒకటి.

ఇలా సాగనంపడం మన తెలుగు సంఘాలకు కొత్తేమీ కాదు. 1903లోనే తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీ నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపింది. చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో కూలికి వెళ్లిన మనవాళ్ల మధ్య పరిచర్య చేయడానికి ఆయన కుటుంబంతో సహా ఓడెక్కారు. ఆ ఏడాదే అక్కడి కియర్స్నీలో తెలుగు సంఘం ఏర్పడింది. అమెరికా నుంచి, కెనడా నుంచి దొరలూ దొరసానులూ మన ఊళ్లకు వచ్చిన సంగతి సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. మనవాళ్లు వెళ్లిన సంగతి మాత్రం పెద్దల్లోనే చాలామందికి తెలియదు. తెలిస్తే, ఇవాళ ఒక కుటుంబం సూట్‌కేసులతో మన గుమ్మం ముందు నిలబడినప్పుడు మనకు ఇంత కంగారు ఉండదు.

ఈ పనిలో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది ఒకటుంది. బయల్దేరే ముందు నెలల్లో ఆ కుటుంబం ప్రతి ఆదివారం ఏదో ఒక సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్తూ ఉంటుంది. పిల్లలు కూడా స్టేజీ ఎక్కి పాట పాడాలి, నవ్వుతూ కనిపించాలి. మీ ఇంట్లోనైనా వాళ్లు ఎవరికోసమూ అలా కనిపించనక్కర్లేకుండా ఉండాలి. కింద చెప్పేవన్నీ అందుకోసమే.

సరే అనే ముందు

ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర పాస్టరు గారు అడుగుతారు: "అమ్మా, ఒక సేవకుల కుటుంబం మూడు వారాలు ఉండాలి, మీ ఇంట్లో వీలవుతుందా?" అక్కడికక్కడే తల ఊపేయకండి. "ఇంట్లో మాట్లాడి రాత్రికి ఫోన్ చేస్తాను అయ్యగారూ" అనండి.

ఇంటికెళ్లి అందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. ముఖ్యంగా ఎవరి గది పోతుందో వాళ్లతో. అబ్బాయికి ఇంటర్ పరీక్షలు ఉంటే, అత్తగారికి ఆపరేషన్ అయి ఉంటే, ఎండాకాలం ట్యాంకర్ నీళ్ల మీద నడుస్తున్న అపార్ట్‌మెంట్ అయితే ఆ మాట దాచకుండా చెప్పుకోండి. మనసులో ఇబ్బంది పెట్టుకుని సరే అంటే అది మొహంలో తెలిసిపోతుంది, వచ్చినవాళ్లు దాన్ని మొదటి పూటే పసిగడతారు. మీకు కుదరదంటే భోజనాలు పంపొచ్చు, కారు ఇవ్వొచ్చు. అదీ ఆతిథ్యమే.

ఒప్పుకుంటే గడువు గురించి ఖచ్చితంగా మాట్లాడండి. వీసా ఆలస్యం కావడం మామూలు విషయం, మూడు వారాలన్నది ఆరు వారాలు కావచ్చు. "మేము ఫలానా తేదీ వరకు ఉంచుకోగలం, అప్పటికీ వీసా రాకపోతే ఇంకో ఇల్లు సిద్ధంగా ఉండాలి" అని సంఘ పెద్దలకు మొదట్లోనే చెప్పండి. ఆ రెండో ఇంటి పేరు కూడా ఖాయం చేయించండి. ఇది మొహమాటపడాల్సిన విషయం కాదు. గడువు తెలిసి ఉంటే వచ్చే కుటుంబమే నిశ్చింతగా ఉంటుంది. లేకపోతే రోజూ మీ మొహం చూసి, "ఇంక చాలు అనుకుంటున్నారేమో" అని లెక్కలు వేసుకుంటుంది.

ఖర్చు సంగతి కూడా. ఇల్లు లేని ఈ కాలానికి వాళ్లను పంపే మిషన్ ఏమైనా ఇస్తోందా అని పెద్దల ద్వారా కనుక్కోండి. మీకు ఒక్క రూపాయి అక్కర్లేకపోవచ్చు. అయినా ఆయన పొద్దున్నే పాల ప్యాకెట్లు తెస్తానంటే తేనివ్వండి, ఆమె కూరలు కొనుక్కొస్తే వద్దనకండి. వారం దాటాక ఊరికే కూర్చుని తినడం ఎవరికైనా బరువుగానే ఉంటుంది.

వాళ్లతో ఒకసారి ఫోన్లో

రాకముందే ఆ ఇంటి ఆడమనిషితో నేరుగా మాట్లాడండి. పాస్టరు గారి ద్వారా వచ్చే కబురులో ముఖ్యమైనవి జారిపోతాయి. షుగర్, బీపీ ఎవరికైనా ఉన్నాయా, పిల్లలు ఏది తింటారు, ఏది ముట్టరు, చిన్నవాళ్లు తల్లి దగ్గరే పడుకుంటారా, రాత్రి పక్క తడుపుతారా అన్నీ అడగండి. చివరి ప్రశ్న అడగడానికి ఇబ్బందిగా ఉంటుంది కానీ, ఇల్లు మారిన పిల్లల్లో ఇది మామూలే. మీరే ముందు అడిగి రబ్బరు షీటు సిద్ధం చేస్తే ఆ తల్లి ఎంత తేలికపడుతుందో మీకే తెలుస్తుంది.

సామాను ఎన్ని పెట్టెలు, బండి ఉందా, అమ్మేదాకా ఎక్కడ పెట్టాలి అని కనుక్కోండి. వెళ్లబోయే దేశంలోని టీముతో వాళ్లకు ఆన్‌లైన్ మీటింగులు ఉంటాయి. టైము తేడా వల్ల అవి అర్ధరాత్రి కూడా పడొచ్చు. వైఫై ఏ గదిలో బాగా అందుతుందో ముందే చూసి పెట్టండి.

ఇంకో ప్రశ్న తప్పనిసరి: "ఏ దేశం వెళ్తున్నారో ఎవరెవరికి చెప్పొచ్చు?" కొన్ని దేశాల్లో సువార్త పని చేసేవాళ్ల మీద నిఘా ఉంటుంది. కొందరు టీచర్లుగా, నర్సులుగా, ఇంజనీర్లుగా ఆ వీసాల మీద వెళ్లి నిజాయితీగా ఆ ఉద్యోగమే చేస్తూ సాక్షులుగా బతుకుతారు. ఇక్కడ మనం ఉత్సాహంతో ఫేస్‌బుక్‌లో పెట్టిన ఒక్క ఫోటో అక్కడ వాళ్ల బతుకుని ఇరుకున పెట్టొచ్చు. వాట్సాప్ స్టేటస్ కూడా వాళ్లను అడగనిదే పెట్టకండి. పనిమనిషికీ వాచ్‌మన్‌కీ "మా చుట్టాలు" అంటే చాలు. మీ పిల్లలకూ ముందే చెప్పి పెట్టండి.

గది

షూనేమీయురాలు ఎలీషా కోసం మేడమీద చిన్న గది కట్టించి ఏం పెట్టిందో గుర్తుందా? మంచం, బల్ల, పీట, దీపస్తంభం. ఇప్పటికీ అవే కావాలి. పడుకోవడానికి చోటు, కాగితాలు పరుచుకుని రాసుకోవడానికి బల్ల, కూర్చోవడానికి కుర్చీ, వెలుతురు. వాటికి ఒక ప్లగ్ పాయింటూ ఎక్స్‌టెన్షన్ బాక్సూ కలపండి.

నేను ఇంకోటి కలుపుతాను, తలుపుకి లోపలి గడియ. మన ఇళ్లలో గది తలుపు దగ్గరగా వేసి ఉంటే తోసుకుని వెళ్లిపోవడం అలవాటు. ఆ అలవాటు ఈ వారాల్లో మానేయాలి. భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోవాలి, కొన్నిసార్లు గట్టిగా వాదించుకోవాలి, కొన్నిసార్లు ఏడవాలి. హాల్లో దివాన్ మీద పడుకున్న కుటుంబానికి అదేదీ కుదరదు. ఒక్క గది కూడా పూర్తిగా ఇవ్వలేకపోతే రోజుకి రెండు గంటలు ఇల్లంతా వాళ్లకు వదిలి మీరే బయటికి వెళ్లండి.

తాళం చెవి ఒకటి వాళ్లకు ఇచ్చేయండి. బీరువాలో రెండు అరలు ఖాళీ చేయండి. బట్టలు ఆరేసుకునే తాడు, ఐరన్ బాక్సు, గీజర్ స్విచ్, డస్ట్‌బిన్ ఎక్కడున్నాయో చూపించండి. "మీ ఇల్లే అనుకోండి" అని పదిసార్లు అనడం కన్నా ఇవి చూపిస్తే నిజంగా మీ ఇల్లే అనుకుంటారు.

మొదటి రెండు రోజులు

ఎవరినీ పిలవకండి. బిర్యానీ కూడా వద్దు. వాళ్లను ఊరూరా వీడ్కోలు విందులకు పిలిచి ఉంటారు, కడుపులు అలిసిపోయి ఉంటాయి. ముద్దపప్పు, చారు, ఒక వేపుడు, పెరుగు పెట్టండి. మళ్లీ ఎన్నాళ్లకు దొరుకుతుందోనని వాళ్లు లోలోపల అనుకునేది గోంగూర పచ్చడి, మామిడికాయ పప్పు లాంటివాటి గురించే. పిల్లల్ని అడిగితే ఉప్మా వద్దంటారు, అడగకపోయినా నూడుల్స్ అంటారు. ఒక పూట అదీ చేయండి.

కుటుంబ ప్రార్థనకి రమ్మనండి గానీ, వాక్యం చెప్పమని అడగకండి. ఇంటి యజమానే చదివి, ఒక పాట పాడి ముగిస్తే మంచిది. రోజూ పదిమందికి చెప్పే మనిషికి వేరొకరు చెప్తుంటే వినే అవకాశం రావడం ఎంత ఉపశమనమో.

వచ్చిపోయేవాళ్ల సంగతి మీరే చూడండి

ఇంట్లో పెట్టుకున్నవాళ్లు చేయగలిగిన పెద్ద సాయం ఇదే అని నా అభిప్రాయం. మిషనరీలు ఎవరికీ కాదని చెప్పలేరు. మీరు చెప్పగలరు. ఇల్లు మీది.

ఫోన్ వస్తుంది: "అక్కా, ఐదు నిమిషాలు ప్రార్థన చేసి వెళ్లిపోతాం, కింద ఉన్నాం."

మీరు: "చాలా సంతోషం తమ్ముడూ. ఇవాళ వాళ్లను కాస్త విశ్రాంతిగా ఉండనిద్దాం. గురువారం సాయంత్రం ఆరింటికి అందరం కూడి ప్రార్థన పెట్టుకున్నాం, ఆంటీని కూడా తీసుకుని రండి."

అబద్ధం అక్కర్లేదు, కోపం అక్కర్లేదు. వారానికి ఒక సాయంత్రం అందరికీ తలుపు తెరవండి, టీ, బిస్కెట్లు పెట్టండి, ఎనిమిదింటికి ముగింపు ప్రార్థన మీవారితో చేయించండి. మిగతా రోజులు ఎవరైనా వస్తే ఆ కుటుంబాన్ని అడిగి మాత్రమే లోపలికి రమ్మనండి. బంధువులు, చిన్ననాటి స్నేహితులు, వాళ్లకు మొదట సువార్త చెప్పిన పెద్దాయన లాంటివాళ్లకు ఈ నియమం వర్తించదు. అలాంటివాళ్ల పేర్లు ముందే అడిగి రాసిపెట్టుకోండి.

కూడికల పిలుపులకు కూడా ఇదే పద్ధతి. గోడమీద క్యాలెండర్ తగిలించి, వారంలో ఒక రోజు అడ్డగీత కొట్టేయించండి. ఆ రోజు ఏ సంఘానికీ వెళ్లరు. చివరి ఆదివారం తర్వాత కొత్త కూడికలు ఒప్పుకోవద్దని చెప్పండి.

కాగితాల పని

దీనికి వాళ్లు వచ్చిన మొదటి వారంలోనే ఒక పూట కేటాయించండి. హాల్లో చాప పరిచి, ఒక్కొక్కరి పేరుతో ఒక ఫైలు పెట్టి, అన్నీ బయటికి తీయించండి. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలైనా మిగిలి ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. పిల్లల పాస్‌పోర్టులు 5 ఏళ్లకే అయిపోతాయి, పెద్దలవి చూసి పిల్లలవి మర్చిపోవడం తరచుగా జరిగేదే. బర్త్ సర్టిఫికెట్లు, పెళ్లి సర్టిఫికెట్, డిగ్రీలు, పిల్లల టీసీలు, మార్కుల మెమోలు, టీకాల కార్డులు వరసగా పెట్టండి. చర్చిలో పెళ్లి అయినప్పుడు ఇచ్చిన కాగితం సరిపోతుందా, రిజిస్ట్రార్ దగ్గరిది కావాలా అన్నది ఎంబసీ నిబంధనల్లో చూసుకోమనండి.

డిగ్రీల మీద అపోస్టిల్ ముద్ర (కాగితం విదేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ) విదేశాంగ శాఖ వేస్తుంది. దానికి ముందు రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ జరగాలి, దానికి సమయం పడుతుంది. పోలీసు క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ద్వారా తీసుకోవాలి. వెళ్లే దేశంలో బండి నడపాలంటే ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తారు, అది ఏడాది వరకు చెల్లుతుంది.

ఆఫ్రికా దేశాలకు వెళ్లేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా చాలాచోట్ల తప్పనిసరి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. టీకా వేసిన 10 రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుబాటు అవుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. విమానానికి వారం ముందు గుర్తొస్తే ఏమీ చేయలేరన్నమాట. 9 నెలలు నిండని పసివాళ్లకు మామూలుగా వేయరు. 60 దాటినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు డాక్టరుతో మాట్లాడాకే వేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్‌ని పాస్‌పోర్టుతో పాటే ఉంచమనండి. తిరిగి మన దేశంలో దిగేటప్పుడు కూడా అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. మలేరియా ఉన్న ప్రాంతమైతే ఏ మాత్రలు, ఎప్పటినుంచి మొదలుపెట్టాలి అన్నది కూడా అదే వారంలో డాక్టరుని అడగాలి. కొన్ని మాత్రలు ప్రయాణానికి ముందే మొదలుపెట్టాల్సి ఉంటుంది.

మీకు తెలిసిన పళ్ల డాక్టరు, కళ్ల డాక్టరు ఉంటే కుటుంబం మొత్తానికి అపాయింట్‌మెంట్ తీసుకోండి. పుచ్చిన పన్ను అక్కడికెళ్లాక నొప్పి పుడితే ఆసుపత్రి రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. కళ్లజోడు ఒకటి అదనంగా చేయించి పెట్టమనండి.

బ్యాంకు విషయం చాలామంది వదిలేస్తారు. ఉద్యోగం మీద విదేశంలో స్థిరపడేవాళ్ల సేవింగ్స్ ఖాతాని ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనల ప్రకారం ఎన్ఆర్ఓ ఖాతాగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా, మార్పించుకోవాలి. ఓటీపీలు వచ్చే ఫోన్ నంబరు బతికి ఉండాలి. సిమ్ వాళ్ల దగ్గరే ఉంచుకుని రోమింగ్ ఆన్ చేయించుకోమనండి, రీఛార్జ్ మీరు ఇక్కడి నుంచి చేయొచ్చు. సిమ్‌ని మీ దగ్గర వదిలి ఓటీపీలు చెప్పించుకునే ఏర్పాటుకి ఒప్పుకోకండి. రేపు ఏదైనా తేడా వస్తే ఇద్దరికీ మనస్తాపం. ఊళ్లో పొలమో ఇల్లో ఉంటే పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడుండగానే రాయించుకోవడం సులువు. వెళ్లాక అంటే అక్కడి మన రాయబార కార్యాలయం చుట్టూ తిరగాలి.

సామాను

వేలాడదీసి తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కొనండి. ఆ తర్వాత ఎవరొచ్చినా పనికొస్తుంది. చాలా ఎయిర్‌లైన్స్‌లో ఒక్కో పెట్టెకి 23 కిలోలు. ఎన్ని పెట్టెలో టికెట్ మీద ఉంటుంది. సాధారణంగా 32 కిలోలు దాటిన పెట్టెను డబ్బు కట్టినా తీసుకోరు.

మొదటి ప్యాకింగ్ విమానానికి పది రోజుల ముందే చేయించండి. చేసి, తూచి, మళ్లీ తీయించండి. మా ఇంట్లో ఒక చెల్లి ఇడ్లీ రేకుల్ని పెట్టెలో పెట్టడం, తీయడం, కాటా చూడటం, మళ్లీ పెట్టడం రాత్రి పదకొండు వరకు చేసింది. ఆమె భర్త ఒక్క మాట మాట్లాడలేదు. తన వ్యాఖ్యాన గ్రంథాల్లో లావుగా ఉన్న రెండింటిని తీసి మా షెల్ఫ్‌లో పెట్టాడు. ఇడ్లీ రేకులు వెళ్లాయి. అలాంటప్పుడు మధ్యలో దూరి "అక్కడ ఇడ్లీ దొరకదా ఏంటి" అనకండి. ఆ రేకుల వెనక ఏముందో ఆమెకి తెలుసు.

ఏం పట్టుకెళ్లకూడదో తప్పకుండా చూడండి. దుబాయ్, దోహా, సింగపూర్ మీదుగా విమానం మారేవాళ్ల మసాలా డబ్బాలో గసగసాలు ఉండకూడదు. అక్కడ అవి మత్తు పదార్థాల చట్టం కిందకి వస్తాయి. గరం మసాలా పొడిలో కలిపి దంచినవి కూడా వద్దు. ఎండు కొబ్బరికి నిప్పు తొందరగా అంటుకుంటుందని లగేజీలో పెట్టనివ్వరు. కొబ్బరి ముక్కలు వేసిన కారప్పొడి ఉంటే ఎయిర్‌లైన్‌ని అడిగి చూడండి, లేదా పెట్టకండి. కోడీన్ కలిసిన దగ్గు మందు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు గల్ఫ్ దేశాల్లో ఇబ్బంది తెస్తాయి. మిగతా మందులు డాక్టరు చీటీతో, మందు అసలు పేరు (జెనరిక్ పేరు) రాయించుకుని పెట్టుకోవాలి. పవర్ బ్యాంకులు చేతి బ్యాగులోనే ఉండాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లైతే తినే ప్రతి వస్తువూ డిక్లరేషన్ ఫారంలో రాయాలి. విత్తనాలు, తేనె, మాంసం కలిసిన పచ్చళ్లు ఇంట్లోనే వదిలేయడం నయం.

పచ్చళ్లు సీసాల్లో పెట్టకండి. విమానానికి అని చెప్తే పచ్చళ్ల షాపులో గాలి తీసి సీలు వేసి ఇస్తారు. మీరు ఇంట్లో పట్టిన ఆవకాయ తీసుకెళ్లినా డబ్బు తీసుకుని సీలు వేసేవాళ్లు ఉన్నారు. దాన్ని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, పాత తువ్వాలుతో కప్పి, పెట్టె మధ్యలో పెట్టాలి. చేతి బ్యాగులో పచ్చడి వద్దు.

వీడ్కోలు కూడికల్లో ఇచ్చే శాలువాలు, ఫ్రేము కట్టిన వాక్యాలు, మెమెంటోలు పెద్ద సమస్య. ప్రేమతో ఇచ్చినవి, పారేయలేరు, పట్టుకెళ్లలేరు. అందుకే కూడిక పెట్టే సంఘ పెద్దలకు మీరే ముందు ఫోన్ చేసి చెప్పండి: "అన్నా, ఏదైనా ఇవ్వాలనుకుంటే కవరులో పెట్టి ఇవ్వండి, లేదా మంచి సూట్‌కేస్ ఒకటి ఇవ్వండి." ఇది వాళ్ల నోటితో వాళ్లు చెప్పుకోలేని మాట. అప్పటికే వచ్చిన ఫ్రేముల్ని ఫోటో తీసి, ఇచ్చినవాళ్ల పేరు వెనక రాసి, మీ ఇంట్లో భద్రం చేయండి.

మిగిలిపోయే సామానుకి ఒక ట్రంకు పెట్టె మాత్రమే అని హద్దు పెట్టండి. ఆ హద్దు వాళ్లకూ మేలే. ప్రతిదాని గురించి నిర్ణయం చేసుకోక తప్పదు మరి.

పిల్లలు

పెద్దలకు దేవుని పిలుపు ఉంది. పిల్లలు ఏ పిలుపూ లేకుండానే వెళ్తున్నారు. ఇది మనసులో పెట్టుకుంటే వాళ్లతో ఎలా ఉండాలో సగం తెలిసిపోతుంది.

"అబ్బ, ఫారిన్ వెళ్తున్నావా, ఎంత అదృష్టం!" అని వచ్చిన ప్రతివాళ్లూ అంటారు. మీరు అనకండి. "మీ స్కూల్లో నీ పక్కన ఎవరు కూర్చునేవాళ్లు?" అని అడగండి. చెప్తే వినండి. ఏడిస్తే "దేవుడు చూసుకుంటాడు నాన్నా" అని వెంటనే మూత పెట్టేయకుండా కాసేపు పక్కన కూర్చోండి.

పిల్లల్లో ఒక్కొక్కరికీ ఒక చిన్న సంచి ఇవ్వండి. అందులో ఏం పెట్టుకోవాలో తల్లిదండ్రులు కూడా చెప్పకూడదు. విరిగిన క్రేయాన్లు, క్యారమ్స్ స్ట్రైకర్, బస్సు టికెట్లు ఏవైనా సరే, ఆ సంచి తూకం అయ్యాక కూడా ఎవరూ విప్పకూడదు. పెద్ద పిల్లలకైతే స్నేహితుల్ని ఒక రోజు మీ ఇంటికే పిలవనివ్వండి. మీరు సమోసాలు పెట్టి లోపలికి వెళ్లిపోండి.

చూడాల్సిన చోట్ల జాబితా వాళ్లనే రాయనివ్వండి. చార్మినార్ చూపించాలని మనకు ఉంటుంది. వాళ్లకు పాత వీధిలోని కిరాణా కొట్టు, నాన్న చిన్నప్పుడు చదివిన బడి, ట్యాంక్‌బండ్ మీద తిన్న మొక్కజొన్న పొత్తు గుర్తుండొచ్చు. అవే చూపించండి, ఫోటోలు తీయండి.

మీ పిల్లల్నీ మర్చిపోకండి. గది ఇచ్చారు, బొమ్మలు పంచుకున్నారు, వాళ్లతో ఈ వారాల్లో స్నేహం కలిసింది. వాళ్లు వెళ్లాక ఇంట్లో ఖాళీ వీళ్లకీ ఉంటుంది.

తెలుగు చదవడం వచ్చీరాని వయసు పిల్లలుంటే, ఒక తెలుగు వాచకం, నాలుగు గళ్ల కాపీ పుస్తకాలు వాళ్ల పెట్టెలో చోటు చేసి పెట్టండి. నానమ్మతో ఫోన్లో మాట్లాడే భాష రెండేళ్లలో జారిపోకుండా ఉండాలంటే ఇంత బరువు పెట్టక తప్పదు.

ఇంటి పెద్దవాళ్లు

వెళ్లే దంపతుల తల్లిదండ్రులందరూ సంతోషంగా పంపరు. కొందరు విశ్వాసులే కాకపోవచ్చు. "ఉన్న ఉద్యోగం వదిలి, మనవల్ని తీసుకుని ఎక్కడికో పోతున్నారు" అని మనసు రగిలిపోతూ వస్తారు. వీలైతే చివరి రెండు మూడు రోజులు వాళ్లను కూడా మీ ఇంట్లో ఉండమనండి. విశ్వాసం గురించి ఆ రోజుల్లో మీరు బోధ చేయకండి. కాఫీ చేతికిచ్చి, వాళ్లు చెప్పుకునేది వినండి. మనవలు ఆ పక్కనే పడుకునేలా చాపలు పరవండి.

నానమ్మ చేత పిల్లలకి కథలు, జోలపాటలు ఫోన్లో రికార్డు చేయించండి. వీడియో కాల్ ఎలా ఎత్తాలో, ఎలా చేయాలో తాతయ్య చేత మీ ఎదురుగానే నాలుగైదుసార్లు చేయించండి. అర్ధరాత్రి ఆయనకు గుండెనొప్పి వస్తే ఎవరు వెళ్తారు, ఏ ఆసుపత్రి, ఇన్సూరెన్స్ కార్డు ఎక్కడుంది అన్నది కాగితం మీద రాయించండి. ఆ ఊళ్లో ఉన్న సంఘంలో ఒక కుర్రాడి పేరు, నంబరు అందులో ఉండాలి. వెళ్లేవాళ్ల గుండెల మీద ఉన్న పెద్ద బరువు ఇదే, పైకి చెప్పరు.

విన్నది గడప దాటకూడదు

ఒక ఇంట్లో ఉంటే అన్నీ వినపడతాయి. భార్య వెళ్లడానికి భయపడుతోందని, డబ్బు ఇంకా పూర్తిగా సమకూరలేదని, అత్తగారితో మాట పట్టింపు అయిందని తెలుస్తుంది. అవేవీ ప్రార్థన అంశాలుగా కూడా బయటికి రాకూడదు. "సిస్టర్ కోసం ప్రార్థన చేయండి, ఆమె కొంచెం డౌన్‌గా ఉంది" అన్న ఒక్క వాట్సాప్ మెసేజ్‌తో ఆ ఇల్లు వాళ్లకు పరాయిదైపోతుంది. మనిషికి ప్రాణం మీదకి వచ్చేంత దిగులు, ఇంట్లో హింస లాంటిది కంటపడితే మాత్రం దాచకండి. ముందు వాళ్లతోనే మాట్లాడి, పంపే మిషన్‌లో బాధ్యత గల వ్యక్తికి చెప్పండి.

విమానం రోజు

గల్ఫ్ మీదుగా వెళ్లే విమానాలు చాలావరకు తెల్లవారుజామున ఉంటాయి, అంటే రాత్రి పదకొండు, పన్నెండుకే ఇల్లు కదలాలి. కనీసం మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి. పిల్లలు, ఎక్కువ లగేజీ ఉంటే నాలుగు. ఆ రోజు మధ్యాహ్నం అందరూ పడుకోవాలి. ఫోన్లు మీరు ఎత్తండి.

వీడ్కోలు ప్రార్థన ఇంట్లోనే చేయండి. శంషాబాద్‌లో టికెట్ లేనివాళ్లను టెర్మినల్ లోపలికి రానివ్వరు, దించే చోట బండి ఎక్కువసేపు ఆపనివ్వరు. ముప్పైమంది విశ్వాసులు అక్కడ వలయంగా నిలబడి పాట పాడితే సెక్యూరిటీ వాళ్లతో మాట పడాలి, దేశం పేరు బయటపడకూడని కుటుంబమైతే ఇంకా ఇబ్బంది. ఇంటి దగ్గర పది నిమిషాలు, ఒక పాట, పెద్దవాళ్లలో ఒకరి ప్రార్థన చాలు. ఎయిర్‌పోర్టుకి ఎవరు రావాలో ఆ కుటుంబమే చెప్పాలి.

సామానుకి ఒక బండి, మనుషులకి ఒక బండి. రాత్రి భోజనం తేలికగా పెట్టి, దారికి పులిహోర కానీ చపాతీ రోల్ కానీ ఫాయిల్‌లో చుట్టి ఇవ్వండి. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, టీకా సర్టిఫికెట్లు, టికెట్లు ఎవరి చేతి సంచిలో ఉన్నాయో బండి ఎక్కేముందు ఒకసారి బయటికి తీయించి చూడండి. చెక్-ఇన్ దగ్గర బరువు ఎక్కువైతే తీసిన వస్తువులు పట్టుకోవడానికి ఒకరు బయట వేచి ఉండాలి, ఖాళీ సంచితో. వాళ్లు ఇమిగ్రేషన్ దాటామని మెసేజ్ పెట్టేదాకా కదలకండి.

వెళ్లాక

మొదటి నెలలో "సేవ ఎలా సాగుతోంది?" అని అడగకండి. ఇంకా గ్యాస్ స్టవ్ ఎలా వెలిగించాలో తెలియని ఇంట్లో ఉంటారు. "నిద్ర పడుతోందా? నీళ్లు వస్తున్నాయా? బుజ్జిది తింటోందా?" అని అడగండి. వెంటనే జవాబు రాకపోయినా మళ్లీ మళ్లీ మెసేజ్ పెట్టి నొక్కకండి.

వదిలి వెళ్లిన ట్రంకు పెట్టెలో ఏముందో జాబితా రాసి ఫోటో వాళ్లకు పంపండి. నాఫ్తలీన్ ఉండలు వేసి, చెదలు పట్టకుండా నేలకి ఎత్తుగా రెండు ఇటుకల మీద పెట్టండి. ఏడాదికోసారి ఎండలో తెరవండి. వాళ్ల పేరున వచ్చే ఉత్తరాలు, బ్యాంకు కవర్లు విప్పకుండా ఫోటో తీసి పంపి, ఏం చేయాలో అడగండి. మొదటిసారి సెలవుకి వస్తున్నామని చెప్పగానే, ఏ ఇంట్లో ఉంటారో సంఘ పెద్దలతో తేల్చి పెట్టండి. పిల్లల బట్టల కొలతలు కూడా అప్పుడే తెప్పించుకోండి, ట్రంకులో ఉన్నవేవీ వాళ్లకు పట్టవు.